పదకొండు సెకన్లు

హసావీలో బకాలా వెనక, మెట్ల కింద
ఒక బల్ల, ఒక పాత ల్యాప్‌టాప్, గురకపెట్టే ఫ్యాను.
వారమంతా ఏసీలు బాగుచేసే నేను
శుక్రవారం సినిమాలు కుదిస్తాను.
డీవీడీ ఇస్తే మెమరీ కార్డులోకి,
అగ్గిపెట్టెంత తెరలోకి.
అర దినారు.

నాలుగు జీబీలు మూడొందల ఎంబీ కావాలంటే
ఏదో ఒకటి వదులుకోవాలి.
ముందు పోయేవి చీరల అంచులు,
తర్వాత దూరంగా నిలబడ్డవాళ్ళ ముఖాలు.
చీకట్లో తీసినదంతా మసిగుడ్డ అవుతుంది.
హీరో మిగులుతాడు. వెనక ఎగిరే గుంపు
పులుసులా కలిసిపోతుంది.
గుంపు కోసం ఇన్నేళ్ళలో
ఒక్కరూ నాతో పోట్లాడలేదు.

రెడ్డెమ్మక్క వచ్చేదాకా.

గాలివీడు పక్క పల్లె. సల్వాలో ఒక విల్లా,
మూడు అంతస్తులు, ఏడుగురు పిల్లలు,
రెండు నెలలకొక శుక్రవారం.
అబాయా లోపలి నుంచి తీసింది
ప్లాస్టిక్ కవరు, అందులో పాత గుడ్డ, అందులో డిస్కు.
"ఎవరి పెళ్ళక్కా?"
"ఎవురిదో లే. మా పెద్దమ్మ మరిది కొడుకుది.
వాళ్ళతో ఇప్పుడు మాటల్లేవు."

డ్రైవు మూలిగింది. తలంబ్రాల దగ్గర నత్తిపడింది.
టూత్‌పేస్టు రాసి, చొక్కా అంచుతో
నడుమ నుంచి బయటికి తుడిచాను.
"బువ్వ బంతి కాడికి పో," అంది.
గంటా పద్నాలుగు నిమిషాల దగ్గర
షామియానా కింద విస్తరాకుల వరస.
కెమెరా బద్ధకంగా నడుస్తోంది,
లైటు పడినవాళ్ళు పడినట్టు
నమలడం ఆపేస్తున్నారు.
"ఆ... ఆపు. అదో."

పచ్చ జాకెట్టు. నోటి నిండా అన్నం.
పక్కనున్నామె చెవిలో ఏదో అంది, అంతే,
ఎడంచేత్తో నోరు మూసుకుని
భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది ఒక ఆడమనిషి.
పదకొండు సెకన్లు.
ఆ తర్వాత సాంబారు బకెట్టు అడ్డొచ్చింది.

"ఇదొక్కటే ఎక్కించు. మిగతాది నాకొద్దు."
"ఎవరామె?"
నన్ను ఎగాదిగా చూసింది.
"నేనే కదప్పా."

తెర వైపు చూశాను. ఆమె వైపు చూడలేకపోయాను.
"ఎవరికి చూపించాలక్కా?"
"ఎవురికీ గాదు మస్తానూ.
తొమ్మిదేండ్లాయ. ఆ ఇంట్లో అద్దాలన్నీ నేనే తుడుస్తా,
తుడిచేటప్పుడు మరకే కనపడతాది, నేను కనపడను.
నేనెట్ల నవ్వుతాంటినో మర్చిపోతే
అడిగేదానికి ఈడ ఎవురుండారు?"

మొదటిసారి నేను ఏదీ తగ్గించలేదు.
సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రతిచోటా ఎక్కువే నొక్కాను.
పదకొండు సెకన్లకు ఎంతని!
జాకెట్టు కుట్లతో సహా వచ్చింది,
ముంజేతికి అంటిన పప్పుతో సహా.

ఆమె చైనా ఫోను దాన్ని మింగలేకపోయింది.
ఫైలు తెరవలేనంది.
తగ్గించాను. కుట్లు పోయాయి.
మళ్ళీ తగ్గించాను. పప్పు పోయింది.
మూడోసారికి తెర వెలిగింది,
చిన్న లోపంతో:
శబ్దం అర సెకను ముందు పరిగెడుతోంది.
ముందు నవ్వు వినిపిస్తుంది,
ఆ తర్వాత ముఖం నవ్వుతుంది.

"సరిచేస్తానక్కా, పది నిమిషాలు."
బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.
"ఉండనీలే," అంది ఫోను మడిచి,
"ముందు నవ్వు రానీ. ఎనకమాల నేనొస్తా."

డబ్బులు వద్దన్నాను. బకాలాలో
రెండు లబాన్ డబ్బాలు కొని
ఒకటి నా బల్ల మీద పెట్టి పోయింది.

మళ్ళీ రాలేదు.
ఇల్లు మారిందని ఒకరు, ఊరికి పోయిందని ఇంకొకరు.
హార్డ్ డిస్కు నిండినప్పుడల్లా
జాలి లేకుండా సినిమాలు చెరిపేస్తాను.
కుట్లు కనిపించే ఆ ఫైలు దగ్గర మాత్రం
వేలు పక్కకి జరుగుతుంది.
రేపు మంచి ఫోను కొంటే
అడుగుతుంది కదా.